పదకొండు సెకన్లు

గురువారం సంత.
ఎల్ ఆల్తోలో ఎండ కాలుస్తుంది, నీడ కొరుకుతుంది.
నా బల్ల మీద విప్పేసిన కీబోర్డులు,
చార్జర్ల చిక్కుముళ్ళు,
మందు డబ్బాల నిండా స్క్రూలు.
తల మీంచి కేబుల్ కారు పెట్టెలు
చప్పుడు లేకుండా లోయలోకి జారిపోతున్నాయి.

తార్కీ గారు ల్యాప్‌టాప్‌ని
రొట్టెల సంచిలో పెట్టి తెచ్చాడు.
"నియెవెస్ అమ్మా, ఇది చస్తోందా, బతుకుతుందా, చెప్పు."
కోర్టు మెట్ల దగ్గర గొడుగు కింద అర్జీలు రాస్తాడాయన.
ముప్పై ఏళ్ళు టైపు మిషన్ మీద,
తొమ్మిదేళ్ళుగా దీని మీద.

బటన్ నొక్కాం.
లోపల డిస్కు గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగర,
చీకట్లో అగ్గిపెట్టె తడుముకుంటున్నట్టు.
తెర వెలిగేసరికి నాలుగు నిమిషాలు.
ఆయన చేతిలో ఊదారంగు మొక్కజొన్న జావ
మీగడ కట్టింది.

వెనక మూత విప్పాను.
ఫ్యాన్ రెక్కలకి బూడిదరంగు దూది.
"ఈ ఎత్తులో గాలి మనకే చాలదు,
దీనికేం చాలుతుంది?" అన్నాను.
బ్రష్షుతో దులిపితే రొట్టె పొట్టు రాలింది,
ఒక తెల్ల వెంట్రుక, ఒక మిరప గింజ.
ఎండి పెచ్చులూడిన పేస్టు గీకి
బియ్యపు గింజంత కొత్తది పెట్టాను.
తెర పగిలి మూలపడ్డ ఇంకో మిషన్‌లోంచి
ర్యామ్ పట్టీ పీకి దీనికి తొడిగితే
టిక్కుమని కూర్చుంది, సొంత పన్నులా.
తిరిగే డిస్కు తీసేసి
తిరగని దాన్ని బిగించాను.

డబ్బుల దగ్గర అరగంట.
"సగం తగ్గించు, ముసలివాణ్ణి."
"ముసలిది మిషన్, మీరు కాదు."
చివరికి రెండొందల ఎనభై బొలివియానోలు,
మీద సంచిలో మిగిలిన రొట్టె.

మళ్ళీ నొక్కాం.
పదకొండు సెకన్లు.
నవ్వుతాడనుకున్నాను.
తెర వైపు చూసి, నా వైపు చూసి,
"ఇంత తొందరగానా?" అన్నాడు,
బస్సు ఆగకముందే ఎవరో దిగమన్నట్టు.

*

వానలు మొదలయ్యాక
నాకే అర్జీ అవసరం పడింది.
దుకాణం కరెంటు మీటరు
మా అన్న గుమెర్సిందో పేరు మీద ఉంది.
పేరు మార్చాలి. రెండు ముక్కల పని.

నా ముందు ఒకామె.
స్థలం పట్టా కోసం వచ్చి
పోయిన ఏడాది తప్పిపోయిన కుక్క గురించి చెప్తోంది,
కుక్క గురించి కాదని తెలుస్తూనే ఉంది.
మూత తెరిచే ఉంది. తెర నల్లగా ఉంది.
నా గుండె జారింది:
నా పని అప్పుడే చెడిందా?

నా వంతు వచ్చింది.
తార్కీ వేలు బటన్ దాకా వెళ్ళి
పక్కన వాలింది.
"కాసేపాగాలమ్మా. పాత మిషన్ కదా,
లేవడానికి టైము పడుతుంది."

పోల్చుకోలేదా? పోల్చుకున్నాడు.
కళ్ళద్దాల పైనుంచి చూసింది
పోల్చుకున్న చూపే.
అంచున నేను బిగించిన స్క్రూ,
మిగతా వాటికి జత కానిది,
మా ఇద్దరి మధ్యా మెరుస్తోంది.

లోపల ఏ గరగరా లేదు.
గొడుగు మీద వాన.
ఊరికే కూర్చోలేక అన్నాను:
ఆరేళ్ళయింది మా అన్నతో మాటల్లేక.
ఇద్దరం కలిసి నలభై తెరలు కొన్నాం,
పగిలినవి ఎవరి వంతన్న దగ్గర తెగింది.

వాన కాస్త గట్టిపడింది.

పెట్టె జారింది నా చేతిలోంచే, అన్నాను.
వాడు సరిగ్గా కట్టలేదని
అందరికీ చెప్పాను.

తల ఊపాడో, మెడ మీది చినుకు దులుపుకున్నాడో.
ఏమీ అనలేదు.
నేను ముక్కు తుడుచుకున్నాక
బటన్ నొక్కాడు.

లెక్కపెట్టాను.
తొమ్మిది. పది.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు,
"మీటరు ఎవరి పేరు మీద ఉండాలి?"